గొర్రెల లెక్కల్లో ఒక ఊరి చర్చి

పాత చర్చి చరిత్ర రాయమంటే చాలామంది కట్టడం చరిత్ర రాస్తారు. గోపురం ఏ శతాబ్దానిది, కిటికీ అద్దాలు ఎవరు చేయించారు, బాప్తిస్మపు తొట్టి నార్మన్ల నాటిదా తర్వాతదా, ఏ ప్రభువు సమాధి ఏ మూల ఉంది. ఇంగ్లండ్ పల్లెటూరి చర్చిల్లో తలుపు పక్కన బల్ల మీద దొరికే చిన్న పుస్తకాలు దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయి. ఈ దేశంలో స్థిరపడ్డాక సెలవు రోజుల్లో అలాంటి ఊళ్లు తిరగడం, ఆ పుస్తకాలు కొనుక్కుని చదవడం నాకు అలవాటైంది. చదివాక ప్రతిసారీ ఒకటే వెలితి. ఆ చర్చికి కొవ్వొత్తులు ఎవరు కొన్నారు? కప్పు కారితే డబ్బులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? రాజు మారి, మతం మారి, నిన్నటిదాకా మొక్కిన స్వరూపాన్ని, అంటే పునీతుల విగ్రహాన్ని, తీసి పారేయమన్నప్పుడు ఆ ఊరివాళ్లు ఏం చేశారు? ఇవి చెప్పనిది చర్చి చరిత్ర కాదని నేను గట్టిగా నమ్ముతాను. నా నమ్మకానికి ఆధారం మోర్‌బాత్ అనే ఊరు.

మోర్‌బాత్ ఇంగ్లండ్ నైరుతి మూలనున్న డెవన్ జిల్లాలో, ఎక్స్‌మూర్ కొండల దక్షిణపు అంచున, బాంప్టన్ అనే చిన్న టౌను పక్కన ఉంటుంది. చర్చి సెయింట్ జార్జ్ పేరు మీద ఉంది. కట్టడం కోసం వెళ్తే పెద్దగా ఏమీ కనపడదు. 19వ శతాబ్దంలో విలియం బటర్‌ఫీల్డ్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ దాన్ని బాగుచేశాడు, లోపలి పాతకాలపు ఆనవాళ్లు చాలావరకు పోయాయి. చుట్టూ పచ్చిక, గొర్రెలు, మలుపులు తిరిగే సన్నటి దారులు. టూరిస్టులు వెతుక్కుంటూ వచ్చే ఊరు కాదు. 1500ల్లో ఇక్కడ ఉన్నది 33 కుటుంబాలు. పిల్లాపెద్దా కలిపితే నూటయాభై మంది దాకా ఉంటారు.

1520లో ఈ ఊరికి సర్ క్రిస్టఫర్ ట్రిక్కీ విచారణ గురువుగా వచ్చాడు. విచారణ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు. ఆ ‘సర్’ బిరుదేమీ కాదు, ఆ రోజుల్లో మామూలు పల్లెటూరి గురువుల్ని మర్యాదకి అలా పిలిచేవారు. 1574లో చనిపోయేదాకా, అంటే 54 ఏళ్లు, ఆయన ఈ ఊరి గురువుగానే ఉన్నాడు. ఎనిమిదో హెన్రీ, ఆరో ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్, నలుగురి పాలనా చూశాడు. ఇంగ్లండ్ క్యాథలిక్ దేశంగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, ప్రొటెస్టెంట్ దేశంగా మారి, మళ్లీ క్యాథలిక్ అయి, మళ్లీ ప్రొటెస్టెంట్ అయ్యేదాకా ఒకే బలిపీఠం దగ్గర నిలబడ్డ మనిషి. ఇన్నేళ్లూ చర్చి వార్డెన్ల తరఫున, అంటే చర్చి సొమ్ము చూసే ఊరివాళ్ల తరఫున, పద్దులు ఆయనే తన చేత్తో రాశాడు. లెక్క అప్పజెప్పే రోజున ఊరందరి ముందూ వాటిని పైకి చదివి వినిపించేవాడు. అందుకే ఆ పద్దుల్లో అంకెల మధ్య మనిషి గొంతు వినిపిస్తుంది. ఎవరు ఏమిచ్చారో, ఎవరు చనిపోయారో, ఎవరు మాట మీద నిలబడ్డారో చెబుతూ పోతాడు. వీటిని 1904లో ఎర్స్‌కిన్ బిన్నీ అనే మతగురువు అచ్చు వేయించాడు.

మోర్‌బాత్‌లో చర్చి డబ్బంతా ఒకే మూటలో ఉండేది కాదు. మరియమాత దీపానికి ఒక నిధి, ఊరి పునీతుడు జార్జికి ఒకటి, చనిపోయినవాళ్ల ఆత్మల కోసం వెలిగించే దీపానికి ఒకటి, పెళ్లికాని కుర్రాళ్లకు ఒకటి, పెళ్లికాని అమ్మాయిలకు ఒకటి. ప్రతి నిధికీ వార్డెన్లు ఉండేవారు. అమ్మాయిల నిధికి అమ్మాయిలే వార్డెన్లు. చందాలు పోగుచేసేదీ వాళ్లే, కొవ్వొత్తులకు ఖర్చు పెట్టేదీ వాళ్లే, ఊరికి లెక్క చెప్పాల్సిందీ వాళ్లే. మొత్తం చర్చి బాధ్యత చూసే పెద్ద వార్డెన్ల పదవి ఇంటి వంతున తిరిగేది. ఇంటి మగవాడు పోయి వంతు వస్తే ఆ వితంతువే వార్డెన్ అయ్యేది. రెక్కాడితే గాని డొక్కాడని ఇంటికి కూడా వంతు వచ్చేది.

నేను ఈ పేజీల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అయిదు వందల ఏళ్ల కిందట, కొండ పక్క పల్లెలో, ఒక రైతుబిడ్డ పేరు మీద ఏడాది జమాఖర్చు ఊరందరూ వింటుండగా చదివేవారు. ఆ పిల్లకు చదువు రాదు, ఓటు అనే మాటే తెలియదు. కానీ ఊరి సొమ్ములో కొంత ఆమె చేతి మీదుగా నడిచింది, దానికి ఆమె జవాబుదారీ. మధ్యయుగాల ఆడవాళ్లకి బయటి పెత్తనమే లేదని అలవాటుగా అనేస్తాం. మోర్‌బాత్ పద్దులు ఆ మాటని అంత తేలిగ్గా అననివ్వవు.

ఈ నిధుల ఆస్తి ముఖ్యంగా గొర్రెలు. చర్చికి విడిగా మంద లేదు. మరియమాత గొర్రె ఒకరి మందలో, జార్జి గొర్రె ఇంకొకరి మందలో మేసేవి. ఎవరి దగ్గర ఏ పునీతుడి గొర్రె ఉందో, ఉన్ని ఎంత వచ్చిందో, ఈనిందో చచ్చిందో, చస్తే దాని తోలుకి ఎంత వచ్చిందో అన్నీ పద్దులో పడాలి. ఉన్ని అమ్మిన డబ్బుతో మైనం కొని, స్వరూపాల ముందు కొవ్వొత్తులు వెలిగించేవారు. ఇది కాక ‘చర్చి ఏల్’ ఉండేది. ఏల్ అంటే ఆనాటి బీరు. చర్చి తరఫున కాచి, చర్చి పక్కనుండే ఊరుమ్మడి ఇంట్లో పండగలా జనాన్ని పిలిచి అమ్మేవారు. మిగిలిన లాభమే చర్చికి ప్రధాన ఆదాయం. కుర్రాళ్ల ఏల్ ఒకటి, పెద్ద వార్డెన్లది ఒకటి.

మన శాసనాలు చదివినవాళ్లకు గొర్రెల సంగతి కొత్తగా అనిపించదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో, బాపట్ల భావనారాయణస్వామి గుడిలో ఇలాంటి దాన శాసనాలు చాలా ఉన్నాయి. ఫలానావారు అఖండ దీపానికి ఇన్ని గొర్రెలు ఇచ్చారు, ఫలానా బోయ వాటిని తీసుకుని కొలత ప్రకారం నెయ్యి పోస్తూ ఉండాలి, తన తర్వాత తన కొడుకులూ మనవలూ నడపాలి, ఇలా సాగుతాయి. ఈ రెండు దేశాల పద్ధతులకీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. కానీ దీపం ఆరిపోకుండా ఉండాలంటే డబ్బు మూట కంటే పిల్లలు పెట్టే గొర్రె నమ్మకమైనదని రెండుచోట్లా రైతులకు తెలుసు. రాజుల వంశావళి కోసం ఆ శాసనాల మొదటి పంక్తులు చదివి, బోయ పేరున్న చివరి పంక్తులు వదిలేసే అలవాటు మన దగ్గరా ఉంది.

ట్రిక్కీ ఊరికి వచ్చిన కొత్తలో తన సొంత డబ్బుతో పునీత సిడ్వెల్ స్వరూపం పెట్టించాడు. సిడ్వెల్ ఎక్సెటర్ పట్నానికి చెందిన పునీతురాలు. సవతి తల్లి పురమాయిస్తే కోతగాళ్లు కొడవలితో ఆమె తల నరికారని కథ. మోర్‌బాత్‌కి ఆమె కొత్త. అయినా ఏళ్లు గడిచేకొద్దీ ఊరు ఆమెను సొంతం చేసుకుంది. ఆడవాళ్లు తమ జపమాలలు ఆమెకి రాసిచ్చారు. ఇచ్చిన వెండితో ఆమె కాలికి వెండి చెప్పు చేయించారు. ఆడపిల్లలకు సిడ్వెల్ అని పేర్లు పెట్టుకున్నారు. భక్తి పైనుంచి వచ్చినా ఊరికి ఇష్టమైతే ఎలా వేళ్లు పట్టుకుంటుందో ఇక్కడ కనపడుతుంది. తర్వాత పైనుంచి వచ్చిన వాటి సంగతి వేరు.

1534 నవంబరులో చర్చిలో దొంగ పడ్డాడు. ట్రిక్కీ దీన్ని పూసగుచ్చినట్టు రాశాడు. దొంగ నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాడు, నిచ్చెన పైకి లాక్కున్నాడు, దాన్నే గోపురం కిటికీకి ఆనించి, కిటికీ పగలగొట్టి లోపలికి దిగాడు. చీకట్లో నిప్పు రాజేసుకుని, పెట్టెలు పగలగొట్టి, బలిపాత్రనీ సిడ్వెల్ వెండి చెప్పునీ పట్టుకుపోయాడు. బలిపాత్ర లేకపోతే పూజే లేదు. అప్పుడు ఊళ్లోని కుర్రాళ్లూ అమ్మాయిలూ ఒక్కటై, తమలో తామే చందాలు వేసుకుని, ఊరి మీద పైసా భారం పడకుండా కొత్త పాత్ర కొన్నారు. ఆ సంగతి రాసేటప్పుడు ట్రిక్కీ గర్వం దాచుకోలేదు.

అదేదో స్వర్గమని నేను చెప్పడం లేదు. చర్చి క్లర్కుకి ఎవరెంత ఇవ్వాలన్న దాని మీద 1530ల్లో ఊరు చీలిపోయి ఏళ్ల తరబడి తగువు పడింది. ఇవ్వనని మొండికేసినవాళ్లున్నారు. ట్రిక్కీ కూడా పద్దులు చదివే వేదికని అందరినీ దారికి తెచ్చుకోవడానికి వాడుకునే మనిషే, ఊరంతా ఒక్కమాట మీద ఉండాలన్నది ఆయనకో పట్టుదల. పేరు పెట్టి పైకి చదువుతుంటే ఇవ్వకుండా ఉండటం ఎంత కష్టమో పల్లెల్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇవన్నీ ఒప్పుకుంటూనే అంటున్నాను: ఆ తగువులు కూడా ఊరు తనకు తాను పడ్డ తగువులు. తీర్చుకునే దారి కూడా ఊళ్లోనే ఉంది.

ఇంక హెన్రీ మత సంస్కరణ మొదలుపెట్టాడు, అంటే పాత క్యాథలిక్ పద్ధతుల్ని మార్చడం. 1536లో చిన్న మఠాల రద్దు వచ్చింది. ఊరి మీద హక్కులున్న బార్లించ్ మఠం అందులో పోయింది. 1538లో రాజు ముఖ్యమంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞలు వచ్చాయి: స్వరూపాల ముందు కొవ్వొత్తులు వెలిగించకూడదు, ప్రతి విచారణా ఇంగ్లీషు బైబిలు కొనాలి, బాప్తిస్మాలు పెళ్లిళ్లు సమాధులు రిజిస్టరులో రాయాలి. చూడటానికి చిన్న ఆజ్ఞలే. కానీ కొవ్వొత్తి లేనప్పుడు కొవ్వొత్తి కోసం పెట్టిన నిధి ఎందుకు? అమ్మాయిల నిధి, కుర్రాళ్ల నిధి, ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎవరూ ‘ఆడపిల్లలు వార్డెన్లుగా ఉండకూడదు’ అని చట్టం చేయలేదు. దీపం ఆర్పేశారు, దాంతో ఆ పదవి కూడా పోయింది. సంస్కరణ చరిత్ర రాసినవాళ్లు సిద్ధాంతాల గురించి ఎన్ని పేజీలు రాసినా ఈ నష్టానికి ఒక వాక్యం దొరకడం కష్టం.

ఆ తర్వాతిది నల్ల వస్త్రాల సంగతి. చనిపోయినవాళ్ల కోసం చేసే పూజకి గురువు వేసుకునే నల్లటి పూజా వస్త్రాలు ఒక జత చర్చికి ఉండాలని ట్రిక్కీ కోరిక. ఉత్తరించు స్థలంలో, అంటే స్వర్గానికి వెళ్లేముందు పాపాలు కడుక్కునే చోట, ఉన్న ఆత్మల కోసం ప్రార్థించడం ఆ ఊరి భక్తికి గుండెకాయలాంటిది. చర్చి గొర్రెల ఉన్నిలో గురువుగా తనకు రావాల్సిన దశమభాగాన్ని ఆయన తీసుకోలేదు, వస్త్రాల కోసం వదిలేశాడు. ఊరివాళ్లూ తలో కాస్తా కలిపారు. అలా ఇరవయ్యేళ్ల దాకా కూడబెట్టారు. 6 పౌండ్ల 5 షిల్లింగులు. 33 కుటుంబాల ఊరికి అది చాలా పెద్ద మొత్తం. చివరికి 1547లో వస్త్రాలు వచ్చాయి. అదే ఏడాది హెన్రీ చనిపోయి, తొమ్మిదేళ్ల ఎడ్వర్డ్ సింహాసనం ఎక్కాడు. అతని పేరు మీద పాలించినవాళ్లు అదే ఏడాది చివర్లో చనిపోయినవాళ్ల కోసం పూజలు చేయించే ఏర్పాట్లన్నిటినీ రద్దు చేసే చట్టం తెచ్చారు. మరో రెండేళ్లకి ఆ పూజే లేకుండా పోయింది. ఇరవయ్యేళ్ల ఉన్ని పెట్టెలో మడతపెట్టి ఉండిపోయింది.

ఆ మార్పు ఎంత వేగంగా వచ్చిందో పద్దుల్లో చూడాలి. 1548లో స్వరూపాలన్నీ తీసేయమన్నారు. చర్చి గొర్రెలు అమ్మేశారు. ఏల్ పండగ ఆగిపోయింది, దాంతో ఆదాయం పోయింది. పూజా వస్త్రాలు ప్రభుత్వం చేతిలో పడకుండా తలో ఇంట్లో దాచమని పంచారు. ఏది ఎవరింట్లో ఉందో ట్రిక్కీ రాసిపెట్టుకున్నాడు. ఆ ఏడాది పెద్ద వార్డెన్ ఒక స్త్రీ, లూసీ సీలీ. అమ్మకాలన్నీ ఆమె హయాంలో మొదలయ్యాయి. ఖర్చులు మాత్రం తగ్గలేదు, పెరిగాయి. కొత్త ప్రార్థన పుస్తకం కొనాలి, బలిపీఠం తీసేసి బల్ల పెట్టాలి, గోడల మీద బొమ్మలకి సున్నం కొట్టాలి, రాజు తరఫు కమిషనర్లు పిలిచినప్పుడల్లా దూరపు ఊళ్లకి వెళ్లి హాజరు కావాలి. తమకిష్టమైన వాటిని తామే కూల్చుకోవడానికి ఊరివాళ్లు తమ డబ్బే పెట్టుకున్నారు.

తర్వాత ఎప్పుడో ట్రిక్కీ ఆ కాలాన్ని తలుచుకుంటూ ఒక పేరా రాశాడు. లూసీ కాలం నుంచి క్రూస్ కాలం దాకా, క్రూస్ నుంచి హక్లీ దాకా, హక్లీ నుంచి రాబిన్స్ దాకా చర్చి నుంచి అన్నీ పోవడమే తప్ప చర్చికి ఎవరూ ఏమీ ఇవ్వలేదని, వీళ్లందరి కాలంలో చర్చి నానాటికీ క్షీణించిందని దాని సారాంశం. రాజుల పేర్లతో కాలాన్ని కొలవలేదు చూడండి. ఊరి వార్డెన్ల పేర్లతో కొలిచాడు. ఆయన దృష్టిలో చరిత్ర అంటే ఇదే. లూసీ కాలం, క్రూస్ కాలం.

1549 జూన్ 9, పెంతెకోస్తు ఆదివారం. దేశమంతా కొత్త ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం వాడాలని ఆజ్ఞ. మర్నాడే డెవన్‌లో సాంప్‌ఫర్డ్ కోర్ట్‌నీ అనే ఊళ్లో జనం తమ గురువు చేత మళ్లీ పాత పూజ చేయించారు. అక్కడ అంటుకున్న తిరుగుబాటు పక్క జిల్లా కార్న్‌వాల్ వాళ్లతో కలిసి పెద్దదై, జులై 2 నుంచి ఆగస్టు 6 దాకా ఎక్సెటర్ పట్నాన్ని ముట్టడించింది. తిరుగుబాటుదారుల శిబిరాల్లో ఒకటి కోట గోడల బయట సెయింట్ డేవిడ్స్ డౌన్ అనే గుట్ట మీద ఉండేది. ఇప్పుడు ఎక్సెటర్‌లో రైలు దిగే ప్రధాన స్టేషన్ పేరు కూడా సెయింట్ డేవిడ్సే, ఆ వైపే.

మోర్‌బాత్ పద్దుల్లో ఆ ఏడాది ఒక ఖర్చు ఉంది. సెయింట్ డేవిడ్స్ డౌన్ శిబిరానికి బయల్దేరిన అయిదుగురు కుర్రాళ్లకు ఊరు డబ్బిచ్చి, ఆయుధాలు సమకూర్చి పంపింది. విలియం హర్లీ, థామస్ బరేజ్, జాన్ టైమ్‌వెల్, క్రిస్టఫర్ మోర్స్, రాబర్ట్ జేర్. తిరుగుబాటు శిబిరానికి ఊరి సొమ్ముతో మనుషుల్ని పంపడమంటే రాజద్రోహం. బిన్నీ అచ్చు వేయించినప్పుడు ఆ స్థలం పేరు సరిగా పడలేదు, అందువల్ల ఆ పద్దు అసలు అర్థం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. తర్వాతి పరిశోధకులు మూలం చూసి సరిగ్గా చదివాకే తెలిసింది, ఈ బుద్ధిమంతుల పల్లె కత్తి పట్టిందని.

తిరుగుబాటుని రాజు సేనాపతి లార్డ్ రస్సెల్ జర్మన్, ఇటాలియన్ కిరాయి సైనికుల్ని కూడా తెచ్చి అణిచాడు. క్లిస్ట్ హీత్ దగ్గర బందీలుగా దొరికినవాళ్లని చంపించారు, తొమ్మిది వందల మంది అని చెబుతారు. ఎక్సెటర్ అంచున సెయింట్ థామస్ విచారణ గురువు రాబర్ట్ వెల్ష్‌ని పూజా వస్త్రాలతోనే అతని చర్చి గోపురానికి ఉరి తీశారు. తీర్థపు పాత్ర, చేతిగంట, జపమాల అతని ఒంటికి కట్టి వేలాడదీశారు. గంటలు మోగించి జనాన్ని పోగేశారని డెవన్, కార్న్‌వాల్ చర్చిల గంటలు దించమని ఆజ్ఞ వచ్చింది. ట్రిక్కీకి ఇవన్నీ పొరుగు వార్తలు. ఆయన నోరు మూసుకుని కొత్త పుస్తకం తెరిచి ప్రార్థన చదివాడు.

ఇక్కడే ఒక మిత్రుడికీ నాకూ వాదన అయింది. “గోడ మీద పిల్లి కదండీ మీ గురువు? ఎవరు రాజైతే వాళ్ల పాట పాడాడు. అయిదుగురు కుర్రాళ్లని పంపి తను ఇంట్లో కూర్చున్నాడు. నమ్మకం ఉన్నవాడైతే ఆ వెల్ష్‌లా నిలబడాలి” అన్నాడాయన. తీసిపారేసే మాట కాదిది. ఇంగ్లండ్‌లోనూ ఇలా ప్రతి రాజుకీ తలాడించి పదవి కాపాడుకున్న ఒక గురువు గురించి బ్రే అనే ఊరి పేరు మీద సామెతే ఉంది. ట్రిక్కీని ఆ ఖాతాలో వేసేయడం తేలిక.

నేను ఒప్పుకోను. పదవి కోసం మారేవాడు పదవి పెంచుకుంటాడు. ట్రిక్కీ చేసింది చూడండి. తన వాటా ఉన్ని ఇరవయ్యేళ్లు వదులుకున్నాడు. వస్తువులు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో లెక్క పెట్టుకున్నాడు. 1553లో ఎడ్వర్డ్ చనిపోయి మేరీ రాణి అయి పాత పూజ తిరిగొచ్చినప్పుడు ఊరివాళ్లు దాచిన స్వరూపాలు, వస్త్రాలు, పుస్తకాలు ఒక్కొక్కటే తెచ్చి చర్చిలో పెట్టారు. ఆ పేజీల్లో ట్రిక్కీ ఆనందం అణచుకోలేక పొంగిపోతుంది. నమ్మకం లేనివాడి రాత కాదది. అయిదేళ్లకి మేరీ చనిపోయి ఎలిజబెత్ రావడంతో మళ్లీ అంతా తిరగబడింది. అప్పటికి ఆయనకి వయసు మళ్లింది. ఊరు విడిచి పోతే వచ్చేది ఎవరో తెలియని కొత్త గురువు. ఉండిపోతే బాప్తిస్మం ఇచ్చిన పిల్లల్ని, వాళ్ల పిల్లల్ని పాతిపెట్టేది తనే. ఆయన ఉండిపోయాడు. ప్రాణాలిచ్చినవాళ్లని నేను తక్కువ చేయను. కానీ అందరూ గోపురానికి వేలాడితే ఊళ్లో ఎవరు మిగులుతారు? ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఊరిని ఒక ముక్కగా పట్టుకుని ఉంచడం కూడా ఒక నిష్ఠే అని నేను అనుకుంటాను.

ఇంకో అభ్యంతరం నాకు దీనికంటే బరువైనదిగా కనిపిస్తుంది. సంస్కరణ వల్లే కదా దేవుని వాక్యం జనం భాషలోకి వచ్చింది? లాటిన్ తెలియని రైతు మొదటిసారి తన భాషలో ప్రార్థన విన్నాడు. తెలుగు బైబిలు చదువుతూ పెరిగిన లక్షలమందికి ఈ విలువ ఏంటో తెలుసు. నిజమే, ఇది నిజమైన లాభం. కానీ పద్ధతి చూడండి. బైబిలు ఖర్చు సగం గురువు, సగం ఊరు పెట్టుకోవాలని ఆజ్ఞ. వద్దనే హక్కు లేదు. కార్న్‌వాల్ తిరుగుబాటుదారులైతే తమలో కొందరికి ఇంగ్లీషే రాదని, ఈ కొత్త ఇంగ్లీషు తమకొద్దని తమ డిమాండ్లలో రాశారు. వాళ్ల మాతృభాష కార్నిష్. వాళ్లకి ఒక పరాయి భాష పోయి ఇంకో పరాయి భాష వచ్చింది, అది కూడా తలారి వెంటబెట్టుకుని. పైగా జనం భాషలో పూజ జరగాలంటే అమ్మాయిల నిధి మూసేయాల్సిన పనేమిటి? సిడ్వెల్ చెప్పుతో బైబిలుకొచ్చిన ఇబ్బందేమిటి? ఈ రెండిటినీ ఒక మూటలో కట్టి ‘ప్రగతి’ అని పేరు పెట్టిన చరిత్రలు నాకు నచ్చవు.

తేడా ఎలిజబెత్ కాలపు పద్దుల్లో తెలుస్తుంది. చర్చి మళ్లీ కుదుటపడింది, కప్పు బాగుచేశారు, లెక్కలు సరిపోయాయి. కానీ డబ్బు రాబడి తీరు మారింది. ఇష్టంతో ఇచ్చేవి పలచబడి, ఇంటింటికీ లెక్కగట్టి వసూలు చేసేవి ముందుకొచ్చాయి. ఖర్చుల్లో సైనికుల సరంజామా వంటి ప్రభుత్వపు పనులు పెరిగాయి. పునీతుల దీపాలకి లెక్క చెప్పిన వార్డెన్ ఇప్పుడు లండన్ అడిగినవి సమకూర్చే మనిషయ్యాడు. ఇంగ్లండ్ పల్లె విచారణ ప్రభుత్వానికి అట్టడుగు ఆఫీసుగా మారిన కథ ఎక్కడో పార్లమెంటులో కాదు, ఇలాంటి పద్దుల్లోనే వరసగా కనపడుతుంది.

మన దగ్గర మెదక్ చర్చి కథ చెప్పేటప్పుడు కూడా ఇంగ్లండ్ నుంచి వచ్చిన పోస్నెట్ పేరు, 1924 క్రిస్మస్ నాటి ప్రతిష్ఠ, రంగుల అద్దాలు చెబుతాం. కరువులో తిండి గింజల కోసం రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరి నోటా వినం. ట్రిక్కీలాంటి పద్దులరాయుడు ప్రతి ఊరికీ దొరకడు, నిజమే. దొరికినచోటైనా ఆయన రాసింది ముందు పెట్టి, రాళ్ల సంగతి తర్వాత చెప్పాలి కదా.

నా మిత్రుడికి చివరగా చెప్పిన మాట ఇది. 1549 నాటి ఆ ఖర్చు, అయిదుగురు కుర్రాళ్ల పేర్లతో సహా, ట్రిక్కీ తన చేత్తో పుస్తకంలోకి ఎక్కించాడు. శిబిరం పేరు కూడా దాచలేదు. కమిషనర్లు పద్దులు తెమ్మని అడిగే రోజులవి. ఆ ఒక్క పేజీ చాలు ఆయన్ని కూడా గోపురానికి కట్టడానికి. చింపేయాలనుకుంటే ఆయనకి పాతికేళ్ల టైమ్ ఉంది, చేతిలో పుస్తకమూ ఉంది. ఆయన చింపలేదు. ఆ పుస్తకం ఇప్పుడు ఎక్సెటర్‌లో డెవన్ రికార్డుల భాండాగారంలో ఉంది, ఆ పేజీ కూడా అందులోనే ఉంది.